నీళ్ల పొయ్యిలో పోయిన కథ

మొన్నొక శుక్రవారం నన్ను మా ఊరికే ముఖ్య అతిథిగా పిలిచారు. పిలిచిన పిల్లలకు అది నా ఊరని తెలియదు, పాపం వాళ్ల తప్పేం లేదు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దగ్గర ఒక అద్దాల భవనం, అందులో ఒక కంపెనీ, ఆ కంపెనీలో నెలకోసారి ఒకచోట కూర్చుని తెలుగు పుస్తకాలు చదువుకునే కుర్రకారు. ఈ నెల నా నవల చదివారట, వచ్చి మాట్లాడమన్నారు. కారు పంపిస్తామంటే నవ్వొచ్చింది. "మీ ఆఫీసు మా బాల్కనీలోంచి కనిపిస్తుందమ్మా, ఎందుకంత హడావుడి" అన్నాను. నేను పుప్పాలగూడలో పుట్టి, ఎక్కడెక్కడో ఉద్యోగాలు వెలగబెట్టి, చివరికి పుప్పాలగూడలోనే పద్నాలుగో అంతస్తులో తేలినదాన్ని. పుట్టినప్పుడు నేల మీద ఉన్నాను, ఇప్పుడు గాల్లో ఉన్నాను, అంతే తేడా. ఆ అద్దాల భవనం లేచిన చోట మా చిన్నప్పుడు గొర్రెల బండ ఉండేది. ఎండవేళ మందంతా దాని నీడలో పడుకునేది. మేం పైకెక్కి, లంగాలు చిరిగేదాకా జారేవాళ్లం.

అమ్మ తానూ వస్తానంది. ఎనభై దాటిన మనిషి, మోకాళ్లు మొరాయిస్తున్నాయి, పైగా అక్షరం ముక్క రాదు. "అక్కడ పుస్తకాల ముచ్చట్లేనమ్మా, నీకు విసుగు" అన్నాను. "నాకేం పని మీ పుస్తకాలతోని? గొర్లు పోయినంక ఆ బండ కాడ ఎవలు పంటున్నరో సూసొస్త" అంది. మా యాదగిరి కాక పోయి అప్పటికి రెండు నెలలు. ఆయన పోయినప్పటి నుంచి అమ్మ గడప దాటలేదు. వస్తాననడమే పదివేలనుకుని చక్రాల కుర్చీ కారులో వేయించాను.

వేదిక మీద ఇత్తడి దీపస్తంభం ఉంది, వత్తులుండాల్సిన చోట చిన్న చిన్న బల్బులున్నాయి. నన్ను స్విచ్ నొక్కమన్నారు. "సారీ మేడమ్, నిజం దీపం పెట్టనివ్వరండి. పైన స్మోక్ డిటెక్టర్లుంటాయి, కాస్త పొగ తగిలిందంటే బిల్డింగ్ మొత్తం ఖాళీ చేయించేస్తారు" అంది హారిక. ఆ గుంపుకు పెద్దదిక్కు ఆ అమ్మాయే, కాకినాడ వైపు పిల్ల. నేను నొక్కాను, అన్నీ ఒక్కసారే వెలిగాయి. ముందు వరసలోంచి అమ్మ గొంతు హాలంతా వినబడింది. "గిదేం దీపమే! నూనె లేదు, ఒత్తి లేదు. మల్ల ఆర్పుడెట్ల?" అందరూ గొల్లుమన్నారు, నేనూ నవ్వాను.

తర్వాత హారిక నవల చదవనివాళ్ల కోసం కథ చెప్పింది. "ఇందులో నిప్పును నిషేధించిన ఒక నగరం ఉంటుందండి. ఎటు చూసినా అద్దాలే. అగ్గిపుల్ల గీస్తే శిక్ష. ఏ ఇంట్లోనూ పొయ్యి ఉండదు, తిండి గొట్టాల్లోంచి వస్తుంది, అందరికీ ఒకే వేళకి, ఒకే రుచి. పక్కింటివాళ్లతో ఎవరికీ పనుండదు. అలాంటి ఊళ్లో ఒక చిన్నపిల్లకి బూడిద కింద ఆరకుండా మిగిలిన నిప్పుకణిక దొరుకుతుంది. చివరికి ఆ పిల్ల నగరాన్నే తగలబెట్టేస్తుంది. నాకైతే ఒళ్లు జలదరించిందండి. మేడమ్, అది వినాశనమా, విముక్తా?" ఈ ప్రశ్న నాకు కొత్త కాదు, జవాబూ కొత్త కాదు. రాబోయే చీకటి రోజుల గురించి రాసే కథల్లో నిప్పుకు రెండు పనులుంటాయని, ఏలేవాళ్ల చేతిలో ఉంటే పుస్తకాలు కాలతాయని, జనం చేతికి చిక్కితే గోడలు కాలతాయని, నిప్పు ఒకటే కానీ పట్టుకున్న చెయ్యి వేరని చెప్పాను. చప్పట్లు కొట్టారు. అమ్మ కొట్టలేదు. నేను దిగి వచ్చి పక్కన కూర్చోగానే నా మణికట్టు పట్టుకుంది. "సుగుణా, గిది మన యాదగిరి కథ గద" అంది.

నేను వినబడనట్టు కాఫీ కప్పు అందుకున్నాను.

యాదగిరి కాక మా నాయిన తమ్ముడు. నాయిన క్వారీ లారీ నడిపేవాడు, బయల్దేరాడంటే మళ్లీ ఎప్పుడొస్తాడో ఆ లారీకే తెలియాలి. ఇంట్లో మగదిక్కు కాకే. ఆయన నగరంలో ఒక చిన్న ప్రెస్సులో కంపోజిటర్, అంటే సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి వరసలుగా పేర్చే పని. సాయంత్రం బస్సు దిగి, బాట వెంట నడిచొచ్చేవాడు. ఆయన వాకిట్లో అడుగుపెట్టాడంటే ముందుగా వాసన వచ్చేది, కిరసనాయిలూ సిరా కలిసిన వాసన. వేళ్ల చివర్లు ఎప్పుడూ నల్లగా ఉండేవి. ఆ చేతులతో నన్ను ముట్టుకోనిచ్చేది కాదు అమ్మ. "ముందుగాల నీళ్లు పోసుకో, తర్వాత ముద్దు చేద్దువు" అని కసిరేది. కాక నీళ్ల గదిలోకి వెళ్లేవాడు, అమ్మ పెరట్లో నీళ్ల పొయ్యి మీద కాగులోంచి మరుగుతున్న నీళ్లు ముంచి అందించేది. చలికాలమైనా ఎండాకాలమైనా ఆయనకు పొగలు కక్కే నీళ్లే కావాలి. సిరా అలా అయితేనే వదులుతుందనేవాడు కానీ, ఎంత పోసుకున్నా అది వదిలేది కాదు.

అమ్మకు నిప్పంటే పట్టింపు. మా పొయ్యి ఆరగా నేను చూడలేదు. రాత్రి పని అయ్యాక మిగిలిన నిప్పుల మీద బూడిద కప్పి, పసిపిల్లకు దుప్పటి సర్దినట్టు అరచేత్తో సర్దేది. తెల్లారి బూడిద తోసి, పుల్లలు పెట్టి ఊదితే మళ్లీ మంట లేచేది. అగ్గిపెట్టె ఉండేది కానీ గూట్లో, దేవుడి పక్కన. దాన్ని తీయాల్సి వచ్చిందంటే అమ్మకు నామర్దా. పొద్దున్నే వాడకట్టు ఆడవాళ్లు చేతిలో పిడక ముక్కతో వచ్చేవాళ్లు, "జర అగ్గి ఇయ్యవా అక్కా" అంటూ. పిడకకు నిప్పు అంటించుకుని, ఊదుకుంటూ, పొగలో కళ్లు నులుముకుంటూ వెళ్లేవాళ్లు. వెళ్లేలోపు ఎవరి కోడలు ఎందుకు అలిగింది, ఎవరి బర్రె ఈనింది, ఎవరింట్లో పిల్లకు జ్వరం, అన్నీ అక్కడ తేలిపోయేవి. శుక్రవారం దీపాలు పెట్టాక మాత్రం అమ్మ ఎవరికీ నిప్పిచ్చేది కాదు. ఆ వేళ నిప్పుతో పాటు ఇంటి లక్ష్మి కూడా పోతుందని మా నాయనమ్మ చెప్పిన మాట. ఆ ఒక్క వేళ తప్ప, మా వాడకట్టులో సగం పొయ్యిలు మా పొయ్యి పిల్లలే.

కాకకు ఇంకో లోకం ఉండేది. నడి ఇంట్లో ఆయన గూడు నిండా పుస్తకాలే. బళ్లు తెరిచే ముందు వాడలో పిల్లలందరినీ కూర్చోబెట్టుకుని, పాత క్యాలెండర్ల కాగితాలతో మా పుస్తకాలకు అట్టలు వేసేవాడు. నా లెక్కల పుస్తకం మీద సరస్వతి, తెలుగు వాచకం మీద వెంకటేశ్వరస్వామి. మిగిలిన కాగితాలతో ఆయన పుస్తకాల్లో కొన్నింటికి కూడా వేసుకునేవాడు. "యాదగిరికి భక్తి ముదిరింది" అని అమ్మ మురిసిపోయేది. భక్తేం కాదు. పోలీసుల కన్ను పడ్డ విప్లవ సంఘం పిల్లలు ఇచ్చిన పుస్తకాలు అవి, ఎవరి కంటా పడకూడనివి. లక్ష్మీదేవి బొమ్మ చూసినవాడి చెయ్యి లోపలి పేజీ తిప్పదని కాక నమ్మకం. అది నాకు పెద్దయ్యాక తెలిసింది. అప్పట్లో అమ్మలాగే నేనూ ఆయన రామకోటి రాసే రకం అనుకున్నాను.

పొద్దుగూకే వేళ కాక అరుగు మీద కూర్చుని కథ చదివేవాడు. అది ఆయనే రాస్తున్న కథ. ప్రెస్సులో పారేసిన ప్రూఫు కాగితాల వెనక రాసేవాడు, ముందువైపు పెళ్లి శుభలేఖలో సినిమా కరపత్రాలో సంఘం పిలుపులో ఉండేవి. రాసినవన్నీ ఒక ధోవతి ముక్కలో మూట కట్టి గూట్లో పెట్టేవాడు. ఏ రోజుకు ఆ రోజు చదివేది మాత్రం మడిచి జేబులో తెచ్చుకునేవాడు, అందుకే ఆ మూట ప్రెస్సు కాగితాలదనే అమ్మ అనుకునేది. ఆ కథలోనిదే ఆ అద్దాల నగరం, ఆ గొట్టాల తిండి, ఆ పిల్ల. మేం నోళ్లు తెరుచుకుని వినేవాళ్లం. నిప్పు లేని ఊరెక్కడుంటుంది కాకా అని నేనడిగితే, గొర్రెల బండ వైపు చెయ్యి చూపించి, "గక్కడ వస్తది సూడు, మీరు పెద్దగైనంక" అని ఆటపట్టించేవాడు. లోపల అమ్మ రొట్టెలు కొట్టే చప్పుడు ఆగకుండా వినిపించేది. కథ మంచి పట్టులో ఉన్నప్పుడు మాత్రం ఆ చప్పుడు కాస్త నెమ్మదించేది. ఆ పిల్లకు నిప్పుకణిక దొరికిన రోజు కాక అక్కడ ఆపేసి, "చివరిది రేపు" అన్నాడు. మేం ఎంత బతిమాలినా చదవలేదు.

ఆ రేపు నేను బడి నుంచి వచ్చేసరికి పెరడంతా పొగ. తాడు మీద ఆరేసిన బట్టల మీద నల్లటి పెచ్చులు వాలి ఉన్నాయి. పొద్దున పక్కింటి మల్లమ్మత్త పరుగెత్తుకొచ్చి చెప్పిందట. "పక్కూర్ల పోలీసోల్లు ఇల్లిల్లు దేవులాడుతున్నరు. సంఘపోల్ల కాయితం కనవడితె సాలట, మనిషిని జీపుల ఏస్తున్నరట" అని. నాయిన ఎక్కడో లారీ మీద ఉన్నాడు, కాక ప్రెస్సులో ఉన్నాడు. అమ్మకు చదువు రాదు. ఏది ఉంచాలో ఏది తీసేయాలో ఎవరినైనా అడుగుదామంటే, అడగడమంటే చూపించడమే. అందుకని తనకు తెలిసిన లెక్కనే చూసుకుంది. దేవుడి బొమ్మ ఉన్నవన్నీ తీసి కళ్లకద్దుకుని పక్కన పెట్టింది. దేవుణ్ని పొయ్యిలో పెట్టడం ఆమె చేతుల వల్ల అయ్యే పని కాదు. బొమ్మ లేనివన్నీ నీళ్ల పొయ్యిలోకి వెళ్లాయి. ధోవతి ముక్కలోని మూట కూడా వెళ్లింది. తాడు మీద నా లంగా మీద పడ్డ ఒక పెచ్చు మీద అక్షరాలు ఇంకా మెరుస్తున్నాయి, కాక చేతిరాతే. ముట్టుకోగానే పొడి అయిపోయింది.

కాక ఆ సాయంత్రం వచ్చి, ఎప్పటిలాగే సంచి తగిలించి, నీళ్ల గదిలోకి పోయాడు. "ఇయ్యాల నీళ్లు మస్తు కాగినయ్ యాదగిరీ, సల్లనీళ్లు జర ఎక్కువ కలుపుకో" అంది అమ్మ. నేను చెప్పాలనుకున్నాను, వేళ్లకంటిన మసి లంగాకు తుడుచుకుంటూ నిలబడిపోయాను. ఆయన ఏదో కూనిరాగం తీస్తూ తీరిగ్గా పోసుకున్నాడు. తన కథను కాల్చి కాచిన నీళ్లని ఆయనకు తెలియదు. తల తుడుచుకుంటూ గూడు దగ్గరికి వచ్చాడు.

"వదినె, ఈడ మూట?"

"అన్ని కాలవెట్టిన. నీకేం కావొద్దని. దేవుని బొమ్మలున్నయి మటుకు జాగర్తగ పెట్టిన, ఫికర్ చెయ్యకు." అమ్మ ఆయన మొహం చూసి ఆగింది. "ఏంది, పనికొచ్చేటియా?"

కాక తువ్వాలు భుజం మీద వేసుకున్నాడు. నవ్వాడు కూడా. "లే వదినె. ప్రెస్సుల పారేసిన చిత్తుకాయితాలు. మంచి పని చేసినవ్" అన్నాడు. ఆ సాయంత్రం పిల్లలమందరం అరుగు మీద చేరాం. తలనొప్పిగా ఉందని చెప్పి ఆయన చెప్పులేసుకుని ఎటో వెళ్లిపోయాడు. నాకు ఇంకొకటి గుర్తుంది. అమ్మ ఆ రోజు ఎందుకో తొందరగా రొట్టెలు ముగించి, చేతులు కడుక్కుని, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ తలుపు పక్కన వచ్చి కూర్చుంది. అమ్మ అలా ఊరికే కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. పోలీసుల భయంతో బాట వైపు చూస్తోందనుకున్నాను. చీకటి పడేదాకా అలాగే ఉంది.

మర్నాడు జీపు వచ్చింది. గూట్లో ఉన్న ఒక్కో పుస్తకం తీసి చూశారు. అన్నింటి మీదా దేవుళ్లే. వచ్చిన పెద్దాయన ఒకదాన్ని కళ్లకద్దుకుని మరీ వెనక్కి పెట్టాడు. ధోవతి మూట ఉండి, ఆ ప్రూఫు కాగితాల ముందువైపు చూసి ఉంటే కాక మాకు దక్కేవాడు కాదేమో. అసలు కాలాల్సినవి కళ్లకద్దించుకున్నాయి, ఉండాల్సింది బూడిదైంది, ఆ పొరపాటే మనిషిని కాపాడింది. దీన్ని ఏ పేరుతో పిలవాలో ఇన్ని సభల్లో మాట్లాడిన నాకు ఇవాళ్టికీ తెలియదు. మంట అంటే ఇది అని ఒక ముక్కలో తేల్చి చెప్పేవాళ్లను చూస్తే కోపం వస్తుంది, అలా చెప్పేవాళ్లలో నేనూ ఒకదాన్నే కదా.

కాక మళ్లీ రాయలేదు. నేను పోరు పెట్టాను, ఏడ్చాను, కాగితాలు తెచ్చి ముందు పెట్టాను. ఒకరోజు నన్ను గొర్రెల బండ మీదికి తీసుకెళ్లి కూర్చోబెట్టి, "అవి కథ కాయితాలని మీ అమ్మకు ఎన్నడు చెప్పకు బిడ్డా" అన్నాడు. ఎందుకని అడిగాను. "ఆమె దినాం పొయ్యి ముట్టిస్తది. ముట్టిచ్చినప్పుడల్లా గదే యాదికొస్తది" అన్నాడు. అంతకు మించి ఆ సంగతి మా మధ్య రాలేదు. సీసపు అక్షరాలు పోయి కంప్యూటర్లొచ్చాక ఆయన పనీ పోయింది. బోరబండలో కిరాయి గదిలో ఒంటరిగా ఉండేవాడు, శుభలేఖల కొట్లో అచ్చుతప్పులు దిద్దేవాడు. నా నవల అచ్చయ్యాక మొదటి కాపీ ఆయనకే ఇచ్చాను. నగరం, గొట్టాలు, పిల్ల, నిప్పుకణిక అన్నీ ఆయనవే, ముందుమాటలో చెప్పుకున్నాను కూడా. చివర నాకు తెలియదు కనుక నేనే కల్పించాను. ఆయన భూతద్దం పెట్టుకుని చదివి, "బాగ మండిచ్చినవ్ బిడ్డా" అన్నాడు. నీ కథలో ఏమైంది కాకా అని అడిగితే, "నాది పోయింది. గిది నీది, గిట్లనే ఉండనీ" అన్నాడు. నేనింకా గట్టిగా అడగాల్సింది. ఆయన ఎప్పుడూ అక్కడే ఉంటాడనుకున్నాను, రేపు అడుగుదాం, వచ్చే ఆదివారం అడుగుదాం అనుకుంటూ ఉండగానే దవాఖానలో చేరాడు, అటు నుంచి అటే పోయాడు. అమ్మకు చెప్పొద్దన్న మాట కోసం ఈ నవలలో ఏముందో కూడా ఇంట్లో ఏనాడూ చెప్పలేదు. చదవలేదు కాబట్టి ఆమెకు తెలిసే దారీ లేదు. అద్దాల హాల్లో హారిక నోటి వెంట వింటుందని ఎవరనుకున్నారు?

కారులో అమ్మ మళ్లీ మొదలుపెట్టింది. "యాదగిరి కథనే గద. ఆ కాయితాలు ఏడున్నయ్? ఆయన గదిల దేవుని బొమ్మల పుస్తకాలు కనవడ్డయ్ గని, కథ కనవడలే." కాక గది ఖాళీ చేసిన రోజు ఆ క్యాలెండర్ అట్టల పుస్తకాలు చూసి, ఇవి నేను కాపాడినవే అని అమ్మ ఎంత మురిసిపోయిందో నాకు గుర్తొచ్చింది. ఇంక దాచే ఓపిక నాకు లేకపోయింది. దాచమన్న మనిషి లేడు. పొయ్యి ముట్టించే పని కూడా ఇప్పుడు అమ్మకు లేదు. ఒకసారి పాలగిన్నె మాడబెట్టిందని నేనే గ్యాస్ తీసేయించి కరెంటు పొయ్యి పెట్టించాను, దేవుడి దగ్గర కూడా బ్యాటరీ దీపమే.

"ఆ ధోవతి మూటల ఉన్నది కథేనమ్మా" అన్నాను. అమ్మతో మాట్లాడితే నాకు ఆ యాస దానంతటదే వస్తుంది.

అమ్మ కిటికీ వైపు తిరిగింది. అద్దాల గోడలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. తర్వాత నా వైపు తిరగకుండానే అంది.

"గందుకనా ఆనాడు సదువలే! నేనింకేమో అనుకున్న."

"ఏమనుకున్నవ్?"

"గవి కాలవెట్టిన ముందు దినం, మీకు సదివి లేచినంక నా కాడికొచ్చి అడిగిండు. వదినె, నిప్పు లేని ఊర్ల నీకు నిప్పు దొరికితె ఏం జేస్తవ్ అని. ఏం జేస్త, పొయ్యి ముట్టిస్త, పక్కింటామె అడిగితె ఆమెకింత ఇస్త, ఆమె ఇంకొకామెకు ఇస్తది, ఇగ ఊరంత అన్నం ఒండుకుంటది అన్న. నవ్విండు. గంతే వదినె, నాకు చివర దొరుకుతలేదు, నువ్వు జెప్పిందే పెడుత అన్నడు. రాత్రి కూసోని రాసిండు. రేపు సదువుత, నువ్వు రొట్టెలు జర జల్ది చేసుకొని వచ్చి కూసో, నీ మాట నువ్వు వినాలె అన్నడు. జల్దిజల్ది చేసుకొని పోయి కూసున్న. ఆయన చెప్పులేసుకొని పోయె. సదువురానిదానికి ఏం వినిపిచ్చుడు అనుకున్నడేమో, నన్ను మరిచిండేమో అనుకున్న. ఇన్నేండ్లు నా మనసుల గదే ఉండె. ఆయన పోయిన్నాడు గూడ గదే యాదికొచ్చింది. నా మాట నేనే కాలవెట్టుకుంటినా బిడ్డా?"

నాకు ఏడుపు ఆగలేదు. డ్రైవర్ అద్దంలోంచి చూసి టిష్యూ పెట్టె వెనక్కి అందించాడు. కాక నిజం దాచిపెట్టి అమ్మను కాపాడాననుకున్నాడు. అమ్మ తన కినుక దాచిపెట్టి ఇంటి పరువు కాపాడాననుకుంది. నేను రెండువైపులా మాట్లాడకుండా మంచిదాన్నయ్యాను. ముగ్గురం అంత ప్రేమగా ఉండి, ఒక్కసారి ఒకళ్లనొకళ్లం అడగలేదు. ఇక నా నవల సంగతి చెప్పనే అక్కర్లేదు. నిప్పు చేతికి దొరికితే పొయ్యి వెలిగించుకోవచ్చని నాకు తోచనే లేదు, నా కథ చదివి చప్పట్లు కొట్టినవాళ్లకూ తోచలేదు. ఆ పొయ్యి వెలుగులో పెరిగిన నేనే ఊరు తగలబెట్టించాను.

ఇంటికొచ్చేసరికి దీపాల వేళ అయింది. అమ్మ కుర్చీ కాక ఫొటో ముందు ఆపమంది. "గా బుడ్డి బల్బు తీసెయ్. నూనె పొయ్యి, ఒత్తి చెయ్" అంది. నూనె ఉంది, దూదీ దొరికింది. ఇల్లంతా వెతికాను, అగ్గిపెట్టె లేదు. గిన్నె పెడితే తప్ప వేడెక్కని ఆ కరెంటు పొయ్యి మీద దూది అంటుకోదు. చివరికి తలుపు తీసుకుని వరండాలోకి వచ్చాను. ఈ అంతస్తులో ఎనిమిదేళ్లుగా ఉంటున్నాను, ఎవరి గంటా నొక్కిన పాపాన పోలేదు. మొదటి తలుపు తెరుచుకోలేదు, తలుపు గంటలో ఉన్న స్పీకర్లోంచే ఒక గొంతు "డెలివరీ అయితే అక్కడ పెట్టేయండి" అంది. ఎదురింట్లో ఒక నడివయసు ఆవిడ తలుపు తీసింది, లోపల పోపు వాసన వస్తోంది. అగ్గిపెట్టె ఉందా అని అడిగాను, ఎందుకో కూడా చెప్పాను.

"అయ్యో, అగ్గిపెట్టె లేదండి, గ్యాస్ లైటరే. దాంతో వత్తి అంటుకోదు" అంది. ఒక్క క్షణం తటపటాయించింది. "శుక్రవారం దీపాల వేళ నిప్పివ్వకూడదనేవారు మా అత్తగారు. ఒక పని చేస్తానండి, వత్తి నేనే మా స్టవ్ మీద వెలిగించి, మీ ఇంటికొచ్చి పెడతాను. అప్పుడు నేను ఇచ్చినట్టు కాదు, మీరు తీసుకున్నట్టూ కాదు."

ఆమె ప్రమిద పట్టుకుని, గాలికి అరచెయ్యి అడ్డం పెట్టి, అడుగులో అడుగు వేస్తూ వరండా దాటి వచ్చింది. నేను ముందు నడిచి తలుపు పట్టుకున్నాను. ఫొటో ముందు దీపం పెట్టి లేచి నిలబడితే అమ్మ ఆమె గడ్డం పట్టుకుని, "ఎవల బిడ్డవమ్మా నువ్వు? ఏ ఊరు?" అని అడిగింది. భీమవరమట, పేరు సత్యవతి అట. పొయ్యి మీద పోపు మాడుతోందంటూ పరుగెత్తుకు వెళ్లిపోయింది, మళ్లీ వస్తానని చెప్పి.

అమ్మ దీపం వంక చూస్తూ కూర్చుంది. కాసేపటికి, తడి లేకపోయినా, రెండు చేతులూ కొంగుకు తుడుచుకుంది. కుర్చీలో నిటారుగా సర్దుకుని ఫొటోలో ఉన్న మరిది వైపు చూసింది.

"రొట్టెలు అయినయ్ యాదగిరీ" అంది. "వచ్చి కూసున్న. ఇగ సదువు."